ఆస్గర్ కత్తి బరువు

"చెల్లీ, ఇంకా బరువుగానే ఉందే. కత్తా, ఇంటి దూలమా ఇది?" అంటూ ఆస్గర్ మళ్లీ కొలిమి దగ్గరికొచ్చాడు.

బోదిల్ సుత్తి కింద పెట్టింది. జట్లాండ్ తీరంలో వేసవి జాతరలకు పాతకాలపు సముద్ర యోధులు వైకింగుల వేషం కట్టి ఉత్తుత్తి యుద్ధం ఆడేవాళ్లలో చాలామందికి కత్తులు ఆమే చేస్తుంది. పాత సమాధుల్లో దొరికిన కత్తుల్లాగే ఉంటాయి గానీ అంచు మొద్దు, మొన గుండ్రం. తగిలితే కములుతుంది, తెగదు.

అన్న కత్తిని వసంతంలో ఒకసారి పలచన చేసింది. తర్వాత బరువు ఇంకా తగ్గాలని నడుమ గాడి లోతు పెంచింది. లోపం కత్తిలో లేదని ఆమెకు తెలుసు. అన్న కండరాలు కరిగిపోతున్నాయి, మందు లేదన్నారు డాక్టర్లు. వదిన ఇంగర్ ఆ మాట చెప్పి, "ఆయన నోరు విప్పడు. నువ్వూ అడగొద్దమ్మా," అని చేతులు పట్టుకుంది.

"ఇంకా అరగదీస్తే విరుగుతుంది అన్నయ్యా. ఆ ముక్క ఎవరి కంట్లోనైనా పడితే?"

"నీకు చేతకావడం లేదని చెప్పవే!" అని నవ్వాడు.

ఆ నవ్వు చూడలేక కత్తి తీసుకుంది. నూనె గుడ్డతో తుడిచి, కాసేపు అటూ ఇటూ తిప్పి ఇచ్చేసింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అన్నాడు ఆస్గర్.

జాతరలో డోళ్లు మోగాయి. రెండు వరుసల డాళ్లు ఢీకొన్నాయి. మైదానం చుట్టూ కట్టిన తాడు ఇవతల నిలబడి బోదిల్ అన్ననే చూస్తోంది. ఆస్గర్ ఎత్తిన చెయ్యి సగంలో ఆగిపోయింది. కత్తి గడ్డిలో పడింది. ఎదురుగా రొట్టెలు కాల్చే గోర్మ్, చిన్ననాటి స్నేహితుడు, ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు.

"కొట్టరా దున్నపోతా, జనం చూస్తున్నారు!" అన్నాడు ఆస్గర్.

గోర్మ్ భుజం మీద మెల్లగా తాకించాడు. ఆస్గర్ పడిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆట ముగిసిందని కొమ్ము ఊదగానే చచ్చినవాళ్లందరూ నవ్వుకుంటూ లేచారు. ఆస్గర్ లేవలేదు. బోదిల్ తాడు కిందనుంచి దూరి పరిగెత్తింది.

"లేపకే. వీళ్లంతా వెళ్లేదాకా చావనీ నన్ను."

"అన్నయ్యా..."

"మొన్న నువ్వేమీ అరగదీయలేదు కదూ?"

బోదిల్ అతని చెయ్యి అందుకుంది. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు. గోర్మ్ వచ్చి, తనూ చచ్చినవాడిలా ఆస్గర్ పక్కనే వెల్లకిలా పడుకున్నాడు. జనం బీరు డేరాలవైపు కదిలారు. మైదానం ఖాళీ అయ్యాక బోదిల్, గోర్మ్ కలిసి అతన్ని లేపి, ఇంగర్ కారు దాకా మోసుకెళ్లారు. దారిపొడవునా ఆస్గర్ జోకులేస్తూనే ఉన్నాడు. ఇద్దరికీ నవ్వడం చేతకాలేదు.