కుర్చీలాటలో విరిగిన నా చెయ్యి

నేను ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని. రెండు చేతులతో పుట్టిన కుర్చీని, చిన్నచూపు చూడకండి. పగిలిన బకెట్లనూ అరిగిన చెప్పులనూ కరిగించి నన్ను పోత పోశారు. పెళ్ళిళ్ళలో నా మీద పట్టుచీరలతో కూర్చునేవాళ్ళకు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు.

తణుకులో షామియానాలు అద్దెకిచ్చే సూరపరాజుగారి దగ్గర నా కొలువు. మనుషులు భలేవాళ్ళు. విందుల్లో నా మీద జేబురుమాలు పరిచి, నన్ను రిజిస్ట్రీ చేయించుకున్నట్టు ధీమాగా వెళ్ళిపోతారు. సభల్లో నా ఒళ్ళో హాయిగా నిద్రపోయి, చప్పట్లు వినగానే లేచి అందరికంటే గట్టిగా కొడతారు.

అలాంటి నా బతుకులో ఒక ఆదివారం వచ్చింది. క్యాన్సర్ రోగుల మందులకూ, ఆ జబ్బు మీద జరిగే పరిశోధనకూ విరాళాలు పోగుచేయాలని హైస్కూలు మైదానంలో ఆటల పండగ పెట్టారు. మగవాళ్ళకు నెమ్మది సైకిల్ పందెం, ఆడవాళ్ళకు కుర్చీలాట. టికెట్టు కొనందే ఆట లేదు. ఇదంతా తలపెట్టింది కుట్టుపని నేర్పే మంగతాయారు. ఆ జబ్బు ఆమెకే ఉంది. ఏడాదిగా ఆసుపత్రికి తిరుగుతోంది. జుట్టు రాలిన తలకు పువ్వుల గుడ్డ చుట్టుకుని, కుచ్చెళ్ళు దోపుకుని, మొదటి టికెట్టు తానే కొంది. అందరిలాగే తనూ ఆడాలి, ఓడితే అందరిలాగే ఓడాలి. ఆమెకు కావలసింది అంతే.

బ్యాండు మేళం మోగింది. పరుగే పరుగు! గాజుల చప్పుడు, నవ్వులు, నా చుట్టూ రంగుల చీరలు. నాకు కళ్ళు తిరిగాయి. చివరికి నలుగురు మనుషులం, కాదు కాదు, నలుగురు మనుషులు, మేం మూడు కుర్చీలం మిగిలాం. మేళం ఆగింది. ఒక్కరూ కూర్చోలేదు.

"మీరు కూర్చోండి తాయారుగారూ."

"పర్లేదండి, ముందు మీరు కూర్చోండి."

ఆ గోదావరి మర్యాద చూసి మా మూడు కుర్చీలకూ మతిపోయింది. మంగతాయారుకు మాత్రం ఒళ్ళు మండింది.

"ఆడతారా, పేరంటం చేస్తారా? టికెట్టు కొన్నానండి నేను. నన్ను తొయ్యండి" అంది.

మళ్ళీ ఆడారు. ఈసారి ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు ఓడిపోయారు. మిగిలింది ఆమె, ఆమె ఆడపడుచు సత్యవేణి, నేను. సత్యవేణి ఏడాదిగా వదినను మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. ఇప్పుడు నాకు దూరంగా జరుగుతూ తిరుగుతోంది.

"జాలిపడ్డావో, ఇంటికెళ్ళాక నీతో మాట్లాడను వేణీ."

మేళం ఆగింది. సత్యవేణి కళ్ళు గట్టిగా మూసుకుని నడుముతో ఒక్క తోపు తోసింది. మంగతాయారు ఇసుకలో పడింది. సత్యవేణి నా మీద పడింది. నా ఎడమ చెయ్యి ఫెళ్ళున విరిగింది.

మంగతాయారు లేచి, ఇసుక దులుపుకుంది. నన్ను పాతసామాన్లలో పడెయ్యడానికి వచ్చిన సూరపరాజుగారిని ఆపింది.

"దీన్ని దాచండి రాజుగారూ. వచ్చే ఏడు దీని మీదే మా ఆడపడుచు పని పడతాను."

వచ్చే ఏడు! ఏడాదిగా ఆ ఇంట్లో మరుసటి ఇంజెక్షన్ దాటి ఎవరూ మాట్లాడలేదట. సత్యవేణి నా మీదే కూర్చుని, నవ్వుతూ నవ్వుతూ భోరుమని ఏడ్చింది.

ఇప్పుడు నేను గోదాములో, ఒంటిచేత్తో, ఏ పెళ్ళికీ పనికిరాకుండా పడి ఉన్నాను. నా వీపు మీద సుద్దముక్కతో సూరపరాజుగారు రాశారు: "తాయారమ్మగారి బుకింగ్. ఎవరికీ ఇవ్వొద్దు."