వెలుగు పోయిన చోటు

చిప్పు పొడుగ్గా ఉన్నప్పుడు ఎంత వెలుగు పోయిందో, కోసి పొట్టి చేసినా అంతే పోయిందట, అంటే దారిలో పోలేదన్నమాట, మొదట్లోనే పోయింది, ధవళేశ్వరంలో కడియం బస్సెక్కిన పావని ఒళ్లో ఉత్తరాన్ని మళ్లీ విప్పింది, గణేష్‌బాబు అక్షరాలు ఇప్పటికీ కోడి కెలికినట్టే ఉన్నాయి, ఐదేళ్ల కిందట మద్రాసు ల్యాబులో తన వెనకాలే తిరిగిన జూనియరు, అక్కా, మీ పాత చిప్పు డబ్బాలో దొరికింది, అదే పాత బల్ల మీద బిగించి, వెనక కొస నుంచి మూడుసార్లు కోసి కొలిచాను, మీరు చెక్కిన దారికి ఏ దోషమూ లేదు, ఫైబరు మొనే సరిగ్గా ఆనక వెలుగు లోపలికి వెళ్లలేదు, అని రాశాడు, ఎంత తేలిగ్గా రాశాడు, సిలికాన్ పలక మీద, వెంట్రుకలో పదో వంతు వెడల్పున, వెలుగు నడవడానికి తను రెండేళ్లు కష్టపడి చేసిన దారి, ఒక కొసన గాజు ఫైబరు ఆనించి వెలుగు పంపితే రెండో కొసకి పిసరంతే వచ్చేది, ఫైబరు ఆనించింది గైడు జగన్నాథరావుగారే, దారి గోడలు గరుకుగా ఉన్నాయి, వెలుగంతా అక్కడే చెదిరిపోతోంది అని తేల్చిందీ ఆయనే, ఉన్న ఒక్క మంచి చిప్పునీ కోయడం ఎందుకని ఒకే పొడవున కొలిచి ఊరుకున్నారు, కోపంగా కూడా అనలేదు, నవ్వుతూ అన్నారు, నీకు బుర్ర ఉందమ్మా, హస్తవాసే లేదు.

ఆ మాటని ల్యాబులో వదిలేసి రావలసింది, వెంట తెచ్చుకుంది, పరిశోధన మానేసి కడియం బడిలో సైన్సు టీచరుగా చేరాక కూడా అది చంక దిగలేదు, ఇదిగో పక్క సీట్లో అచ్చాయమ్మ, నర్సరీలో అంట్లు కడుతుంది, ఆవిడ చెయ్యి పడితే ఎండుపుల్లయినా చిగురేస్తుందని పేరు, ఎన్నిసార్లు ఇవ్వబోయిందో గులాబీ మొక్క, వద్దండీ, నేను పెడితే బతకదు అంటుంది తను, తమ్ముడు సురేష్‌బాబు కొడుకు అన్నప్రాశనకి ముద్ద పెట్టమంటే వంకపెట్టి వంటింట్లోకి పోయింది, పిల్లలకి కొలతలు నేర్పే మనిషి, ఎవరో నవ్వుతూ అన్నమాటని జాతకంలా మోసింది.

కిటికీలోంచి కాలవ కనపడుతూనే ఉంది, నాన్న చిట్టియ్య ఈ కాలవ మీదే లస్కరు, ముప్పై ఏళ్లు ఈ గట్టు వెంటే తిరుగుతూ తూములు ఎత్తాడు, దించాడు, ఆయన అప్పుడే అడిగాడు, చిప్పు సంగతంతా ఓపిగ్గా విని, మొదట్లో ఎంత దిగిందో చూశారా అమ్మా, శివారు చేలకి నీళ్లు రాలేదంటే మేం కాలవని తిట్టం, ముందు తూము దగ్గరికెళ్లి చూస్తాం, లస్కరుకేం తెలుసు సిలికాన్ సంగతి అనుకుంది, అనుకోవడమేమిటి, అనేసింది, నీకు తెలీదులే నాన్నా అని, ఆయన అంతేలే అమ్మా అని కండువా దులుపుకుని సైకిలెక్కాడు.

ఏంటి టీచరుగారూ, ఆ కళ్లనీళ్లేంటి, ఎవరైనా పోయారా, అంటోంది అచ్చాయమ్మ, లేదండీ, మంచి కబురే, అంటూ ఉత్తరం మడిచింది, మంచి కబురే, రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది, నాన్న పోయిన ఆ పొద్దున ఆయన మంచం చుట్టూ అందరూ ఉన్నారు, తులసినీళ్ల గిన్నె తన చేతిలోనే ఉంది, నువ్వు పొయ్యమ్మా అన్నాడు, ఊపిరి కూడదీసుకుని రెండోసారి కూడా అన్నాడు, తను పోస్తే ఆ కాస్త ప్రాణమూ పోతుందేమోనని చెంచా తమ్ముడి చేతిలో పెట్టింది, తమ్ముడు పోశాడు, ఆయన మింగాడు, చూపు మాత్రం తన మీదే, కూతురు భయపడిందని తెలిసి పోయాడో, కూతురికి తన మీద మనసు విరిగిందనుకుని పోయాడో, ఇప్పుడు ఎవర్ని అడగాలి, ఏ దోషమూ లేదని రాశాడు గణేష్‌బాబు, నిజమే, ఈ చెయ్యి దేన్నీ పాడుచెయ్యలేదు, అది చేసిన పాపమంటూ ఉంటే, నాన్న అడిగిన రెండు చుక్కల నీళ్లు పొయ్యకపోవడం ఒక్కటే.