వీధిపోటుకు అడ్డుగోడ

గంగాధర్ చదువుకున్నవాడే. తెనాలిలో గుమాస్తా ఉద్యోగం, దుగ్గిరాల రోడ్డు పక్క కొత్త వెంచరులో సొంతిల్లు. కానీ పాతపేట నుంచి వచ్చే డొంకదారి తిన్నగా తన గుమ్మానికే తగులుతోందని, అది వీధిపోటని సిద్ధాంతి చెప్పిన దగ్గర్నుంచీ ఆ చదువు ఏ గంగలో కలిసిందో తెలియదు. వెంచరు వాళ్లకూ పేట జనం లోపలికి రాకపోవడమే కావాలి. డొంకకు అడ్డంగా నిలువెత్తు గోడ లేచింది.

డొంక అవతలి కొసన, కేకేస్తే వినపడే దూరంలో అచ్చమ్మ ఇల్లు. తల్లి పోయాక గంగాధర్‌ని చంకనేసుకు పెంచిన అక్క. రోజూ సాయంత్రం చేపల పులుసో, గోంగూర పచ్చడో గిన్నెలో పెట్టుకుని ఆ దారినే వచ్చేది. గోడ కట్టకముందే ఆ సంగతి చెబితే నవ్వేసింది.

"కట్టించుకోరా తమ్ముడూ. నీ ఇల్లు చల్లగా ఉంటే నాకంతే చాలు. చుట్టూ తిరిగొస్తాలే."

చుట్టూ తిరగడమంటే మాటలా? ఊరు పెరిగిందంటారు గానీ, ఏ వెంచరుకా వెంచరు గోడ కట్టుకుని కూర్చుంది. ఏ వీధీ పక్క వీధిలో కలవదు. మెయిన్ రోడ్డెక్కి, కాలవ వంతెన దాటి, మళ్లీ వెనక్కి రావాలి. అక్క రాక పండక్కో పబ్బానికో అయింది.

ఓ ఆదివారం పొద్దున ఫోనొచ్చింది.

"గంగా, గుండెల్లో నొప్పిగా ఉందిరా. భయమేస్తోంది."

"ఇంట్లోనే ఉండక్కా, కారు తీసుకొస్తున్నా!"

స్నానం చేస్తున్న భార్య నీరజకు చెప్పకుండానే బయల్దేరాడు. వంతెన మీద పెళ్లి బస్సు ఆగిపోయి ఉంది. సందులోకి తిప్పితే గోడ. ఇంకో సందు, ఇంకో గోడ. కనిపించిన దేవుడికల్లా మొక్కుకున్నాడు, తనను తానే తిట్టుకున్నాడు.

చేరేసరికి తలుపు తీసుంది, అక్క లేదు. పిచ్చెత్తినట్టు డొంకలోకి పరిగెత్తాడు. అచ్చమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. తమ్ముడి ఇల్లు ఇక్కడేగా అని పాత అలవాటు కొద్దీ అటే నడిచింది కాబోలు. ఒళ్లు వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

"అక్కా!" అని అతను పెట్టిన కేకకు గోడవతల నీరజ గొంతు వినిపించింది.

"ఏమండీ, మీరా? అటెప్పుడెళ్లారు? ఇందాక ఎవరో ఒకటే గోడ బాదుడు. పేట పిల్లలనుకుని పొమ్మని కసిరాను. కాస్త మీరైనా చెప్పండి వాళ్లకి."

గంగాధర్ అక్క చెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నాడు. అరచేతి నిండా గోడ సున్నం అంటుకుని ఉంది.