నలభయ్యో దిమ్మె

బంటింగ్ ఊరు దాటాక పామాయిల్ తోటలో పాత రైలుకట్ట ఉంది. గెలలు మోసే చిన్న బండి నడిచేది. పట్టాలు పీకేసి, తారు పోసి, సైకిల్ బాట చేశారు. ఆదివారాలు కౌలాలంపూర్ నుంచి జనం వచ్చి ఫోటోలు తీసుకుంటారు. అందంగా ఉందంటారు. ఆ కట్ట మీద పదకొండేళ్ళు గునపం పట్టినవాణ్ణి. నాకు ఏ అందమూ కనపడలేదు.

నా భార్య నాగవల్లి పోయి నెల. బూడిద సముద్రంలో కలిపాం. ఒక్క గుప్పెడు డబ్బాలో ఉంచాను. "బిడ్డ పక్కన పెట్టు. అప్పుడైనా సోటు సూపించు" అని అడిగి పోయింది.

మా బిడ్డ ఇరవై రోజులు బతికింది. ఆ వయసువాళ్ళను మేము కాల్చం, పూడుస్తాం. పూడ్చిన చోటు తల్లికి తెలిస్తే మళ్ళీ కడుపు పండదని మా అమ్మ చెప్పింది. వంతెన దాటాక పట్టాల కింది నలభయ్యో చెక్క దిమ్మె దగ్గర, ఎడమ పక్క, ఒక్కణ్ణే పూడ్చి వచ్చాను. నాగవల్లికి చెప్పలేదు. కడుపు ఎలాగూ పండలేదు. అప్పుడూ చెప్పలేదు.

బావమరిది సుప్పయ్య తన సైకిల్ మీద తోడు వచ్చాడు. దిమ్మెలు ఎప్పుడో పొయ్యిల్లోకి పోయాయి. వంతెన మాత్రం ఉంది. అక్కడ దిగి, ముందు చక్రం ఊచకు గుడ్డపీలిక కట్టాను.

"ఏటి బావా, సైకిల్‌కి తాయెత్తా?"

"నోర్ముయ్. లెక్క తప్పుద్ది."

దిమ్మెకూ దిమ్మెకూ రెండడుగులు. నలభైకి ఎనభై. నా చక్రం చుట్టుకు ఏడడుగులు. పదకొండు చుట్లు నెట్టి, పైన మూడడుగులు కొలిచి ఆగాను.

సుప్పయ్య ముఖం మారింది. "ఇక్కడ కాదు బావా. మా అప్పకి తెలిసిన సోటు ముందర, మలుపులో రంబుటాన్ సెట్టు కింద."

"నీకెవడు సెప్పినాడు?"

"ఎవుడూ సెప్పలేదు. అప్ప ఏడ్సింది. సూడలేక ఏదో ఒక సెట్టు సూపించినాను. ముప్పై ఏళ్ళు, ఏటా వచ్చి పాలు పోసింది. నానే బండి మీద తెచ్చినాను."

"ఉత్త నేలకి పాలు పోయించినావా, దొంగ నాయాలా!"

"నువ్వు నోరిప్పితే నానెందుకు అబద్ధమాడతాను, సెప్పు!"

తారు అంచున మట్టి తవ్వాను. డబ్బా బోర్లించాను. మూలల్లో అంటుకున్నది కూడా గోటితో గీకి పోశాను. మట్టి కప్పి తొక్కాను.

మలుపులో సుప్పయ్య ఆగాడు. నేనూ ఆగవలసి వచ్చింది. చెట్టు మొదట్లో మట్టి పట్టిన స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. అంచున మా అమ్మ పేరు. ఆ గ్లాసు పోయిందని నాగవల్లిని రెండు రోజులు అన్నం తిననివ్వలేదు నేను. ఎక్కడ పెట్టావో చెప్పమన్నాను. చెప్పలేదు.

సుప్పయ్య వంగబోయాడు.

"ముట్టుకోకు" అన్నాను.

డబ్బా మూత తీసి చూశాను. మూలల్లో కూడా ఏమీ లేదు.