వరస వెంట కరెంటు

పుంగనూరులో మా ఆయన సాయిప్రసాద్ మేనత్త పాపక్క ఇంట్లో మాకు కొత్త జంట విందు. ఆయన మాత్రం నాకన్నా పదిలంగా చొక్కా జేబులో ఒక గాజుపలకను మోసుకొచ్చాడు.

మదనపల్లె పక్కన అంగళ్లు కాలేజీ ల్యాబులో పాలిమర్‌ను ఆవిరి చేసి ఆ పలక మీద పట్టించాడు. కంటికి ఆననంత పలచని పొర. అందులో కరెంటు పారుతుంది. సాయంత్రం కుప్పంలో గైడుకి అది చూపించాలి. పారకపోతే ఈ పరిశోధన వదిలేయమని సార్ ముందే చెప్పేశారు.

"యాదప్పా సాయీ, మాకూ సూపీ" అంది అత్త.

ఆయన సంచిలోంచి మీటరు తీసి, దాని తీగలు రెండూ పొర మీద ఆనించాడు. సున్నా.

"పొద్దున మదనపల్లెలో పారింది కదా!" ఆయన ముఖం పాలిపోయింది.

"ఈడా పొద్దున్నే పోయిందిలే కరెంటు" అని ఓదార్చింది అత్త. "తిని సూస్కుందువు, రా."

పెరట్లో రెండు వరసలుగా ఆకులేశారు. నా వెనక వరసలో ఆయన, వీపుకు వీపు తగిలేలా. నాకదే పెద్ద పండగ! అత్త భర్త దేవరాజులు మామ రసం బకెట్‌తో మా వరస వెంట గాలిలా సాగిపోయాడు.

"మామా, ఈడ రసం!" అన్నాడు ఆయన వెనకనుంచి.

"మనుషుల్ని, ఆకుల్ని దాటుకోని యాడ వచ్చేదప్పా? ఈ వరస సివర దాకా పోయి, తిరుక్కోని వస్తాను. అంతదాకా అప్పళం నములు."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. పాలిమర్ అంటే అణువుల పొడవాటి గొలుసులు. మామూలుగా చిందరవందరగా పడతాయి. ఒకే వైపుకి పడుకుంటే కరెంటు వాటి వెంట పరిగెత్తుతుంది, అడ్డంగా దూకలేదు. పాలిమర్ పట్టించక ముందు ఈ పలక అడుగుపూతను ల్యాబులో నేనే నా చీర కొంగుతో ఒకే వైపుకి రుద్ది రుద్ది తుడిచాను. గొలుసులు ఆ గీతల వెంటే సర్దుకుని ఉంటాయి. పొద్దున తీగలు వాటి వెంట ఆని ఉంటాయి, ఇక్కడ అడ్డంగా. తుడుస్తున్నంతసేపూ ఆయన చూసింది నన్ను, పలకను కాదు.

"ఏమండీ, పలకను పక్కకు తిప్పి చూడండి!"

"బంతిలోనుంచి లేస్తే సూడు!" అత్త కేకేసింది.

లేవలేదు. కూర్చున్న చోటే పలకను పక్కకు తిప్పి, ఆయన ఎడంచెయ్యి, నా ఎడంచెయ్యి కలిపి తీగలు ఆనించాం. మీటర్లో అంకె ఎగిరింది.

కుప్పంలో సార్ మీటరు చూసి తలాడించారు. "పారుతోందే. సరే, పని కొనసాగించు."

మా ఆయన అక్కడితో ఊరుకోలేదు. పలకను తిప్పి, "ఇటు చూడండి సార్, అడ్డంగా అస్సలు పారదు! మనం రుద్దిన వైపుకే పారుతుంది!" అని, మధ్యాహ్నం ఏడిపించిన ఆ సున్నానే గర్వంగా చూపించాడు.

సార్ కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ఇంకోసారి తిప్పవయ్యా."