పద్నాలుగెందుకు వచ్చింది

మళ్లీ పద్నాలుగే, మెగ్నీషియం తుల్యాంక భారం పన్నెండు మీద కాస్త ఉండాలని పుస్తకం తెరిచిన ప్రతివాళ్లకూ తెలుసు, నాకు మాత్రం రెండోసారి చేసినా పద్నాలుగే, తూచిన రిబ్బను బరువును పదకొండు వేల రెండువందలతో గుణించాను, ఆమ్లంలో అది కరిగితే గొట్టంలో చేరిన హైడ్రోజన్ మిల్లీలీటర్లతో భాగించాను, అంతకుముందే నీటి ఆవిరి పీడనం తీసేశాను, ఇంకేం చెయ్యను, పక్క బల్ల దగ్గర ఝాన్సీలక్ష్మి అప్పుడే పెన్ను మూసి కూర్చుంది, ఏంటే రిబ్కా ఇంకా తెమల్లేదా, పన్నెండు రావాలంటే ఎంత వాయువు ఉండాలో వెనక నుంచి లెక్కగట్టి రాసెయ్యి, అందరం చేసిందదేగా అంటోంది మెల్లగా, రాసెయ్యొచ్చు, మార్చిలో పీయూసీ అంతా గట్టెక్కి ఈ ప్రాక్టికల్ ఒక్కటే పోయింది, ఈ సప్లిమెంటరీలోనూ పోతే టీచర్ ట్రైనింగు సీటు వదులుకోవాల్సిందే, పొద్దున రేపల్లెలో రైలెక్కిస్తూ నాన్న, తెనాలిలో బాపట్ల బండి మారడం మర్చిపోకమ్మా, చెయ్యి వణక్కుండా చూసుకో అన్నాడు, అందరికీ నా చెయ్యే కనిపిస్తుంది, పాలు ఒలికినా అమ్మ నీ చేతిలో నిలకడ లేదే అంటుంది, కానీ ఇవాళ ఒక్క బుడగ కూడా బయటికి పోలేదు, ఊపిరి బిగబట్టి చూశాను.

ఎగ్జామినర్ వెంకటప్పయ్య గారు వచ్చి కళ్లజోడు పైకి తోసుకుని, పద్నాలుగేంటమ్మా, పన్నెండు కదా అన్నారు, తెలుసండి, నాకొచ్చింది ఇదేనండి అన్నాను, మరి ఎందుకొచ్చింది, ఆలోచించు మళ్లీ వస్తానని పక్క బల్లకి వెళ్లిపోయారు, ఎందుకొచ్చిందో తెలిస్తే ఇలా నిలబడతానా, ఏడుపూ కోపమూ కలిసి ముక్కు దాకా వచ్చాయి, పెన్ను తీసి పద్నాలుగు కొట్టేయబోయాను, అంతలో డెమాన్‌స్ట్రేటర్ హనుమంతరావు గారు తుప్పుపట్టిన స్టాండు మరను తిప్పలేక విసుక్కుంటూ, ఈ సూర్యలంక సముద్రపు గాలికి ఇనుమూ నిలవదు ఏదీ నిలవదు అంటున్నారు, ఏదీ నిలవదు, అయితే రిబ్బను, మిగిలిన ముక్క చేతిలోకి తీసుకున్నాను, బూడిద రంగు, వేసవంతా ల్యాబులోని మూతలేని డబ్బాలోనే పడి ఉంటుంది, గుండుసూదితో గీరితే లోపల వెండి గీత తళుక్కుమంది, పైనున్నది మైల, గాలి తగిలి ఆక్సైడుగా మారిన పొర, త్రాసులో అదీ బరువు తూగింది, ఆమ్లంలో మాత్రం ఒక్క బుడగ కూడా ఇవ్వలేదు, బరువు ఎక్కువ, వాయువు తక్కువ, పద్నాలుగు రాక ఏం వస్తుంది.

పద్నాలుగు కింద ఆక్సైడు పొర సంగతి రెండు వాక్యాల్లో రాశాను, వెంకటప్పయ్య గారు తిరిగొచ్చి చదివి, ముక్కను వెలుతురుకి పెట్టి చూసి, ముందే గీకి ఉండాల్సిందమ్మా అంటూనే సంతకం పెట్టారు, ముఖంలో నవ్వు లేదు, మార్కులెన్నో చెప్పలేదు, అయినా నాలో అంతసేపూ మరుగుతున్నది చల్లబడింది, పన్నెండని రాసేసి ఉంటే, నేను తూచిందంతా లోహం కాదని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.