ఇప్పచెట్టు మీది బదనిక

చెట్టుకు ఎర్రగుడ్డ కట్టిన రోజు నుజహత్ తన తెలివికి తానే మురిసిపోయింది. చదువుకున్నవాళ్ల తెలివి అలాగే ఏడుస్తుంది మరి. ఆమె నారాయణఖేడ్‌లో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతుంది. సిర్గాపూర్ దారిలో, రైతు వీరప్ప చేనిగట్టు మీది ఇప్పచెట్టు కొమ్మకు ఆమె చూసిన ఆర్కిడ్‌ను ఇదివరకు ఎవరూ చూసినట్టు లేదు. కొత్త జాతే కావచ్చని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అన్నారు. ఉన్నది ఒక్క మొక్క, దానికి ఒక్క కాయ. ఇంకో పది రోజులు ఎవరూ చెయ్యి పెట్టకపోతే కాయ పండుతుంది, గింజలను ల్యాబులో మొలిపించవచ్చు.

"ఎర్రగుడ్డ మంచిగ కట్టినవు మేడం. అమ్మవారి చెట్టని ఎవ్వడు గొడ్డలి పెట్టడు," అన్నాడు వీరప్ప.

గొడ్డలి ఎవరూ పెట్టలేదు. కానీ చెట్టు మీద మొలిచే మొక్క ఏదైనా ఇక్కడివాళ్లకు బదనికే, మందే. అమ్మవారి చెట్టు మీది బదనిక అంటే ఇక చెప్పాలా! ఆదివారం పొద్దున "జనం వచ్చిండ్రు మేడం" అని వీరప్ప ఫోన్ చేశాడు. నుజహత్ వెంటనే ఆటోలో బయలుదేరింది.

చెట్టు కింద పదిమంది ఉన్నారు. ఒకాయన అప్పటికే చెట్టెక్కి ఆ కొమ్మ అందుకుంటున్నాడు.

"దిగు! అది విషం!" నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది. "ముట్టుకోకుండ్రి, పానం పోతది!"

ఆయన ఒక్క దూకు దూకాడు. అందరూ వెనక్కి తగ్గారు. కాయ అలాగే ఉంది. హమ్మయ్య అనుకునేలోపే పోశమ్మ అనే ముసలామె వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నిన్న రెండాకులు తెంపిచ్చుకపోయిన మేడం. నా బిడ్డకు నూరి తాపిన. రెండుసార్లు కడుపు పోయింది దానికి, గిదన్న నిలవాలని... ఇప్పుడు మూడో నెల."

"ఇప్పుడెట్లున్నది?" అంది నుజహత్.

"పొద్దుగాలకెల్లి కక్కుతుంది. కడుపుతోని ఉన్నది గదా, గందుకే అనుకున్న. విషం కాదని చెప్పు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత!"

చెప్పేద్దామనే నోరు తెరిచింది. అబద్ధమాడాను, భయపడకు అనాలి. కానీ లోకంలో ఎవరూ పరీక్షించని మొక్క అది. విషమో కాదో చెప్పగలవాళ్లు ఎక్కడా లేరు.

"నాకు తెల్వదమ్మా," అంది. "జల్దీ ఆటో ఎక్కు. నీ బిడ్డను దవాఖానకు తీస్కపోదాం."